బోసి చెవి

నా చిన్నప్పుడు మా ఇంట్లో దెబ్బ పడకుండా ఏ పనీ అయ్యేది కాదు. తలకు నూనె పెట్టాలన్నా, చేదు మందు తాగించాలన్నా ముందు వీపు మీద ఒకటి పడేది. గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఒకరింట్లో కొడితే పక్కింటి గోడ మీది గిన్నెలు కదిలేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. కొట్టేవాళ్ళకూ తినేవాళ్ళకూ అది మామూలే. నా చెవులు కుట్టించింది కూడా అలాగే.

అది మా అవ్వ పట్టుదల. అవ్వ అంటే మా నాన్నమ్మ, బాపు తల్లి. బడికి వెళ్ళే పిల్ల చెవులు బోసిగా ఉంటే ఆమెకు తలవంపుగా ఉండేది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించాలి కాబట్టి మందమర్రి నుంచి మా మామను పిలిపించింది. ఆయన బావి లోపల బొగ్గు పేల్చే జట్టులో పనిచేసేవాడు. పేల్చాక మిగిలిన తీగ ముక్కలు మా క్వార్టర్లలో అన్నిటికీ పనికొచ్చేవి. బుట్టలు అల్లేవాళ్ళం, బట్టలు ఆరేసుకునేవాళ్ళం, ఆడపిల్లలం గాజులు చేసుకునేవాళ్ళం. బంగారు తీగ తర్వాత చూసుకోవచ్చులే అని మామ ఆ తీగ మీది రంగు తొడుగు గీకేసి, లోపలి మెరిసే తీగను కాగితంలో చుట్టి తెచ్చాడు. భేషైన ఆలోచన అని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

మా పక్కింటి అక్క వాళ్ళు క్రైస్తవులు. ఆ అక్క కొంగు తల మీంచి దించేది కాదు. చెవుల మీదుగా లాగి మెడ చుట్టూ బిగించుకునేది. గోదావరిఖని ఎండల్లో కూడా అంతే. ప్రార్థన చేసుకునే మనిషి, వాళ్ళ పద్ధతేమో అనుకునేవాళ్ళం. నాకు జడ వేసేది ఆమే. వేస్తూ వేస్తూ నా భుజం మీద టీకా వేసిన చోటును వేలితో తడిమేది. అందరికీ అక్కడ చిన్న గుంట ఉంటుంది. నాకు గుంట లేదు, ఏటేటా పెరిగి రేగుపండంత గడ్డ లేచింది. ఒకసారి ఆ తీగతో గాజు అల్లుకుని వేసుకుంటే నా మణికట్టు చుట్టూ పొక్కులు లేచి రసి కారింది. ఆ గాజును తెంపి పారేసింది కూడా అక్కే. దురద తగ్గాక మా ఇంట్లో ఆ సంగతే మరిచిపోయారు.

ఒక ఆదివారం పొద్దున, అక్క ప్రార్థనకు వెళ్ళిన వేళ, చెవులు కుట్టే అవుసలి, అంటే కంసాలి, వచ్చి మా వాకిట్లో కుంపటి రాజేసి సూది కాల్చాడు. అది చూడగానే నేను పరుగు తీశాను. మామ జుట్టు పట్టి లాక్కొచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మా బాపు నిద్ర కళ్ళతోనే నా కాళ్ళు అదిమిపట్టాడు. అవ్వ రెండు చేతులతో నా తల బిగించింది. మా అమ్మ బెల్లం పళ్ళెం పట్టుకుని ముఖం అటు తిప్పుకుంది. సూది కుడి చెవిలో దిగగానే నేను మామ బొటనవేలు కొరికాను. నోట్లోకి రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఆయన కొట్టిన దెబ్బకు కదులుతున్న నా పాలపన్ను ఊడి నేల మీద పడింది. అదే ఊపులో తీగ దూర్చి మెలిపెట్టారు. అయిపోయింది, అయిపోయింది అని బుజ్జగిస్తూనే అవ్వ నా తలను రెండో వైపు తిప్పింది.

ఎడమ చెవికి సూది ఆనించేసరికి అక్క ప్రార్థన నుంచి తిరిగి వచ్చింది. ముందు మర్యాదగానే చెప్పింది. ఆ తీగ పిల్లకు పడదని, గాయమైతే గడ్డ కట్టే ఒళ్ళని, ఆపమని బతిమాలింది. మీకు లేని ఆచారం మాకు చెప్పొద్దని అవ్వ కసిరింది. అప్పుడు, ఎన్నడూ గొంతెత్తి ఎరుగని ఆ అక్క, కుంపటిని కాలితో తన్నింది. నిప్పులు పంచె మీద పడి అవుసలి ఎగిరి గంతేశాడు. మామ నన్ను వదిలి లేచి ఆమెను ఒక్క తోపు తోశాడు. నుదురు దర్వాజకు కొట్టుకుని పడిపోయింది. లేవబోతుంటే కొంగు పట్టి గుంజాడు. అది మెడ నుంచి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

అక్క చెవులు మేము చూడటం అదే మొదలు. తమ్మెలు ఉండాల్సిన చోట నున్నటి ఎర్రటి గడ్డలు. ఒకటి దవడ దాకా వేలాడుతోంది. మామ చెయ్యి లేచింది లేచినట్టే ఉండిపోయింది.

ఆమె నుదుటి రక్తం తుడుచుకోలేదు, చెవులు కప్పుకోలేదు. నా గౌను చెయ్యి పైకి నెట్టి, ఆ టీకా గడ్డ పక్కన తన చెవి ఆనించి, మా బాపు వైపు చూసింది.

“చిన్నగున్నప్పుడు, మావోళ్ళు ఏసును నమ్ముకోక ముందు, నాకు గిట్లనే పట్టి కుట్టిన్రు. రేగ్గాయంత లేచింది. దవాఖానల కోయించిన్రు, దానికి రెండింతలు లేచింది. మల్ల కోయించిన, గిట్లయింది. గీ గడ్డ, గా గడ్డ ఒక్కటేనా కాదా నువ్వే చూడు అన్న. చూసినంక గూడ కుట్టిస్తనంటే కుట్టియ్యి.”

మా బాపు వీపు నిండా నీలపు మచ్చలు ఉండేవి. బావిలో తగిలిన దెబ్బల్లో బొగ్గు పొడి చేరి, దాని మీదే చర్మం మూసుకుపోయిన మచ్చలవి. ఎంత తోమినా పోయేవి కావు. ఆయన చాలాసేపు ఆ చెవిని, నా భుజాన్ని చూశాడు. నా కాళ్ళు వదిలాడు. లేచి మామ మెడ మీద ఒక్కటి వేసి, కొంగు విడిపించి అక్క చేతికిచ్చాడు. ఆపడానికి కూడా మా ఇంట్లో వాళ్ళకు కొట్టడమే తెలుసు.

“ముందుగాల్నే చెప్పకపోతివి చెల్లె,” అన్నాడు.

“గివి చూపియ్యాలంటే మనసొప్పలే అన్న,” అంది అక్క.

తీగ అప్పుడే తీసేశారు. అయినా కుడి చెవి వాచి, చీము పట్టి, కొన్ని నెలలకు గడ్డ కట్టింది. ఎడమది బతికిపోయింది. అక్క మర్నాటి నుంచి మళ్ళీ కొంగు బిగించుకుంది. ఆమె చెవుల గురించి వెకిలిగా మాట్లాడిన పిల్లలను నేను పట్టుకుని కొట్టాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడను. నా కన్నతల్లి ముఖం తిప్పుకున్న చోట, పరాయి మనిషి నా కోసం తల పగలగొట్టుకుంది. అంతకంటే ఆమెకు కష్టమైంది కొంగు లేకుండా నలుగురిలో నిలబడటమని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఈమధ్య జ్యోతినగర్‌లో ఉండే నా కూతురు తన బిడ్డకు చెవులు కుట్టిస్తానంది. ఇప్పుడు పార్లర్‌లో మిషన్‌తో టక్కున కుట్టేస్తారట, పిల్లకు తెలియను కూడా తెలియదట. నేను పిల్లను వెలుతురులోకి తీసుకెళ్ళి, గిల్టు గొలుసు వేసుకున్న మెడ ఎర్రబడిందేమో చూశాను. భుజం మీది టీకా మచ్చ తడిమాను, మోకాలి మీది పాత దెబ్బ ఎలా మానిందో చూశాను. టీకా మచ్చ కాస్త ఉబ్బినట్టుంది. చర్మం డాక్టరు చూసి సరేనన్నాకే సూది అన్నాను. నా కూతురు చాదస్తం అంది. నేను మా అవ్వ కంటే గట్టిగా కసిరాను.

పిల్ల మాత్రం, కుట్టిస్తే ఏమవుతుందని అమాయకంగా అడిగింది. నేను అరవలేదు. నేనూ ఎప్పుడూ చెవుల మీదుగా కప్పుకునే కొంగు తీసి భుజం మీద వేసుకుని, జుట్టు వెనక్కి నెట్టి, కుడి చెవి గడ్డా ఎడమ బోసి చెవీ రెండూ దాని ముందు పెట్టాను.

“పట్టి చూడు బిడ్డా,” అన్నాను.