మరోదా టేకు లాంచీ

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు నీటి సరఫరా విభాగంలో. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళు ఉందనగా, వానలు వెనకపట్టిన రోజుల్లో, అసిస్టెంట్ జనరల్ మేనేజరు హోదాలో అక్కడ చేరాను. అంతకు ముందు పనంతా రోలింగ్ మిల్లులో. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీల మధ్య జీవితం గడిపినవాణ్ణి తీసుకొచ్చి నీళ్ళ ఒడ్డున కూర్చోబెట్టారు. ఉక్కు తయారీకి బొగ్గు, ఖనిజం ఎంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యమని బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. బ్లాస్ట్ ఫర్నేసుల గోడలు కరిగిపోకుండా వాటి చుట్టూ నీరు నిరంతరం తిరుగుతూ ఉండాలి. మా భిలాయి ఉక్కు కర్మాగారానికి ఆ నీరు మరోదా జలాశయం నుంచి వస్తుంది. పంపుహౌస్‌లోకి నీరు వచ్చే చోట అమర్చిన ఇనుప జాలీలకు గుర్రపుడెక్క పట్టకుండా చూడటం, గట్లు తనిఖీ చేయడం, అక్కడక్కడా లోతు కొలవడం మా విభాగం పనులు. వాటికి పడవ కావాలి.

ఛార్జి తీసుకున్నప్పుడు నాకు రెండు పడవలు అప్పగించారు. ఒకటి వాడుకలో ఉన్న ఫైబరు పడవ. దాని మోటారు వెనక బయటికి వేలాడుతూ ఉండేది. గుర్రపుడెక్కలోకి వెళ్తే చాలు, వేర్లు పంకాకు చుట్టుకుని ఆగిపోయేది. రెండోది పంపుహౌస్ వెనక రేకుల షెడ్డులో, ఇటుక దిమ్మెల మీద బోసిగా కూర్చున్న పాత చెక్క లాంచీ. కర్మాగారం కట్టిన తొలి రోజుల్లో తాళ్ళరేవులో చేయించి, రైల్లో ఫ్లాట్ వ్యాగన్ మీద తెప్పించారని చెప్పుకునేవారు. పలకలన్నీ టేకు. రాగి రివిట్లు. ఏళ్ళ తరబడి ఎండి ఎండి పలకల మధ్య సందులు విచ్చుకున్నాయి. షెడ్డులో దీపం వేస్తే ఆ వెలుతురు పడవ అడుగు నుంచి గీతలు గీతలుగా నేల మీద పడేది.

పనికిరాని సామానును మావాళ్ళు 'కండెమ్' చేస్తారు. అంటే వేర్వేరు విభాగాల అధికారులు వచ్చి చూసి, ఇది తుక్కు అని సంతకం పెట్టాలి. లాంచీ కోసం అలా వచ్చిన ముగ్గురి కమిటీలో చెక్క సంగతి తెలిసిన మనిషిగా ప్యాటర్న్ షాపు నుంచి మేరీ సుజాత గారిని పంపారు. ఇనుమును పోతపోయాలంటే ముందు ఇసుకలో అచ్చు తీయాలి. ఆ అచ్చు తీయడానికి చేసే చెక్క నమూనానే ప్యాటర్న్ అంటారు. సుజాత గారు ఆ షాపులో మేనేజరు. నలభై దాటిన మనిషి, మెకానికల్ ఇంజినీరు. వాళ్ళ నాన్నగారు చరోదా రైల్వే యార్డులో గార్డుగా చేశారు. తాతల ఊరు బొబ్బిలి దగ్గర అని చెప్పేవారు కానీ ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోయేవారు.

మిగతా ఇద్దరూ నిలబడ్డ చోటి నుంచే చూసి తల ఊపారు. ఆవిడ పోగరు, అంటే సన్నని మొన ఉన్న ఉలి, తీసుకుని పడవ కిందికి దూరారు. చీర కుచ్చిళ్ళు నడుముకు దోపుకుని, ప్రతి పలకనూ పోగరుతో గుచ్చుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి పాకారు. బయటికి వచ్చాక తల మీది సాలెగూళ్ళు దులుపుకుంటూ, "సార్, ఇది చనిపోలేదు. సూఖ్ గయీ హై, ఎండిపోయింది, అంతే. అడుగు దూలం పక్క పలక ఒక్కటే పుచ్చింది. నేను సంతకం పెట్టను," అన్నారు.

విషయం జనరల్ మేనేజరు గారి దాకా వెళ్ళింది. ఆయనది బిలాస్‌పూర్ వైపు. మాట తక్కువ మనిషి. ఆయన మనసులో వేరే ఆలోచన ఉంది. టౌన్‌షిప్ పార్కు ముందు కాంక్రీటు దిమ్మె కట్టి, దాని మీద లాంచీని బోల్టులతో బిగించి, పైన ఫైబర్‌గ్లాస్ పూత పూయిస్తే కర్మాగారం తొలి రోజులకు గుర్తుగా ఉంటుందని. అందుకు అడుగున రంధ్రాలు వేయాలి. ఒకసారి వేస్తే ఇక అది పడవ కాదు. సుజాత గారు తన షాపులో పని తగ్గిన వేళల్లో దాన్ని బాగుచేసి నీళ్ళ మీద నడిపిస్తానని అడిగారు. జీఎం గారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. వేసవి మొదట్లో బయటి నుంచి పెద్దలు కొందరు వస్తున్నారు. వాళ్ళ ముందు దించాలి. తేలితే పడవ, లేకపోతే బొమ్మ. దిమ్మె పని మాత్రం ఆపనన్నారు.

చలికాలమంతా ఆ షెడ్డులో పని సాగింది. ప్యాటర్న్ షాపు వడ్రంగులు ఇద్దరు, ఆవిడ, సాయంత్రాలు నేను. సెక్టర్ 7లో ఇంటికి పోయి టీవీ ముందు కూర్చోవడం కంటే అదే బాగుండేది. ప్యాటర్న్ మేకర్ల కొలబద్ద చూడటం నాకు అక్కడే మొదటిసారి. దానిలో అంగుళం మామూలు అంగుళం కంటే రవ్వంత పెద్దది. పోతపోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి ఆ తరుగును ముందే కొలబద్దలో కలిపేస్తారు. అలాంటి స్కేలు పట్టుకుని పనిచేసిన చేయి పడవ మీద పడితే ఎలా ఉంటుందో చూశాను. వదులైన రివిట్లు తీసి కొత్తవి వేశారు. సందుల్లోని పాత పుట్టీ అంతా గీకి, నూలు పేలికలు వడిపెట్టి, మొద్దు ఉలితో కుక్కారు. మరీ గట్టిగా కుక్కకూడదని ఆవిడ వడ్రంగుల వెంట ఉండి చెప్పేవారు. పుచ్చిన పలక స్థానంలో తమ షాపులోని టేకు తెచ్చి, వెంట్రుక దూరే సందు లేకుండా కూర్చోబెట్టారు. ఇంజిను సంగతి మా మోటారు గ్యారేజీ చూసుకుంది.

ఈ కబురు పక్కనే ఉన్న రిసాలికి చేరింది. అక్కడ కూతురి దగ్గర ఉంటున్న అప్పలనాయుడు గారు ఒకరోజు ఆటోలో దిగారు. ఒకప్పుడు ఆ లాంచీని నడిపింది ఆయనే. శ్రీకాకుళం మనిషి, ఎనభై పైబడ్డాయి. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉన్నా మాట ఒక్కటి మారలేదు. స్టీరింగు మీద చేయి వేసి నిమిరి, "ఏటమ్మా, నువ్వేనా దీన్ని బాగుసేస్తన్నది?" అని అడిగారు. సుజాత గారు, మొదట దించినప్పుడు నీరు లోపలికి వస్తుందని, పలకలు నానాక ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయని వివరించారు. ఆయన ఒప్పుకోలేదు.

"నీరు దిగడవేటి? మా రోజుల్లో సుక్క దిగీది కాదమ్మా."

"మీ రోజుల్లో పడవ ఎప్పుడైనా ఒడ్డెక్కిందా, తాతా?"

"ఎందుకెక్కుతాది? నాను ఎక్కనిస్తేనా."

ఆవిడ నవ్వారు. ఆయన చెప్పింది నిజమే. నీళ్ళు విడవని పడవ పలకలు ఎండవు. ఎండని పలకలకు సందులు పడవు.

అనుకున్న రోజు వచ్చింది. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కర్మాగారం నుంచి వచ్చిన క్రేను లాంచీని బెల్టుల మీద ఎత్తి నీళ్ళలో దించింది. తెల్లరంగు, వార్నిషు తళతళలాడుతుంటే అతిథులు చప్పట్లు కొట్టారు. సుజాత గారు ముందుగానే జీఎం గారికి, నీరు చేరుతుంది, పంపు సిద్ధంగా ఉంది అని చెప్పి ఉన్నారు. వినడం వేరు, కళ్ళారా చూడటం వేరు. చూస్తుండగానే పడవ అడుగు చెక్కల మీదికి నీళ్ళు వచ్చాయి. వెనక భాగం బరువెక్కి వంగింది. అతిథుల్లో ఒకాయన ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు. "డూబ్ రహీ హై," మునిగిపోతోందని అన్నారు ఎవరో. అప్పలనాయుడు గారు ముఖం పక్కకు తిప్పుకుని, "ఇంకేటుంది, ఒగ్గీండి," అన్నారు.

సుజాత గారు పంపు నడిపిస్తూనే జీఎం గారి దగ్గరికి వచ్చి, సోమవారం దాకా దీన్ని నీళ్ళలోనే ఉండనివ్వమని అడిగారు. గొంతులో బతిమాలడం లేదు. రోలింగ్ మిల్లులో ఉక్కును నొక్కే రోలరు మార్చడానికి ఎంత సమయం పడుతుందో చెప్పినట్టు చెప్పారు. ఆయన అతిథుల వైపు ఒకసారి చూసి, సరేనన్నారు.

మర్నాటికి నీరు రావడం తగ్గింది. ఆ తరువాత ఇంకా తగ్గింది. పక్క పలకల సందులు ఒక్కొక్కటే బిగిశాయి. వేలితో తడిమితే గీత కూడా తెలియలేదు. నేను ఇన్నేళ్ళలో ఎన్నో యంత్రాలను చూశాను కానీ, ఎవరూ ముట్టుకోకుండా తనను తాను బిగించుకునే వస్తువును అంతవరకు చూడలేదు. సోమవారం జీఎం గారు వచ్చి, పడవ నిటారుగా తేలుతుండటం చూసి, ఆవిడకు చేయి కలిపి వెళ్ళారు. షరతు నెరవేరినట్టే. మేమందరం అలాగే అనుకున్నాం.

ఆవిడ అనుకోలేదు. అడుగున ఒకచోట నీరు ఇంకా సన్నగా ఊరుతోంది. పంపు అప్పుడప్పుడు వేస్తే సరిపోయేంత. ఆవిడ అడుగు చెక్కలు ఎత్తించి, టార్చితో చాలాసేపు లోపల చూశారు. బయటికి వచ్చి సంగతి చెప్పారు. తాను కొత్తగా వేసిన పలకే కారణం. ప్యాటర్నుకు వాడే చెక్కను బట్టీలో బాగా ఆరబెడతారు, ఏ మాత్రం కదలకూడదు గనుక. అంత పొడి చెక్కను సందు లేకుండా బిగిస్తే, నీళ్ళలో ఉబ్బినప్పుడు దానికి పోవడానికి చోటు లేదు. పక్క పలకను తోసింది. రెండు రివిట్లు తెగాయి. పక్కటెముకలా ఉండే వంపు కర్ర ఒకటి నిలువునా చీలింది.

ఫైబర్‌గ్లాస్ పనికి వచ్చిన కాంట్రాక్టరు ఇంకా అక్కడే తిరుగుతున్నాడు. లోపలి నుంచి ఒక డబ్బా ఎపాక్సీ జిగురు పూస్తే రెండేళ్ళు ఢోకా లేదు మేడమ్, ఎవరికీ తెలియదు అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. జీఎం గారు చూసి వెళ్ళిపోయారు. ఆవిడ, కాంట్రాక్టరు, నేను, ఆ చీలిక సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే.

"రావు సార్, మీరు నాతో రండి," అన్నారావిడ. సెక్టర్ 2లోని క్వార్టరుకు పోయి బట్టలు మార్చుకుని, నేరుగా జీఎం గారి ఆఫీసుకు వచ్చారు. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ హిందీలో, మధ్యలో ఆగకుండా చెప్పారు. పలక తానే ఎంచుకున్నానని, చెక్క గురించి తనకు తెలిసినదే తనను పొరపాటు చేయించిందని, పడవను మళ్ళీ ఒడ్డుకు తీయాలని.

జీఎం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తైర్ తో రహీ హై న?" అని అడిగారు.

తేలుతోంది సర్, కానీ గుర్రపుడెక్కలో ఇంజిను పూర్తి వేగంతో తోసినప్పుడు ఆ చీలిక పెరుగుతుంది, అప్పుడు లోపల మనుషులుంటారు అన్నారావిడ. ఇప్పుడు బయటికి తీస్తే, తేలలేదన్న మాట పైకి పోతుందని, పార్కులో దిమ్మె తయారుగా ఉందని ఆయన గుర్తుచేశారు. తెలుసునన్నారావిడ. ఆవిడ చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని ఉండటం బల్లకు ఇవతల కూర్చున్న నాకు మాత్రమే కనిపించింది. ఆరు నెలల పని అది. తనను తానే ఓడించుకోవడానికి వచ్చారు.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "బయటికి తీయించండి. మళ్ళీ దించేటప్పుడు నాకొక్కడికి చెప్పండి, అతిథులు వద్దు," అన్నారు. దిమ్మె మీద ఏం పెట్టాలో తాను చూసుకుంటానన్నారు. తరువాత అక్కడ పాత రోడ్డు రోలరును పెట్టించారు.

ఈసారి కొత్త పలకను బట్టీ చెక్కతో చేయలేదు. టేకు మొద్దును ముందుగానే కోయించి, జలాశయం ఒడ్డున షెడ్డు నీడలో వానాకాలమంతా ఉంచారు. చెక్కలో తేమ ఎంతుందో చెప్పే మీటరుతో అప్పుడప్పుడు చూసి, పాత పలకల తేమకు దగ్గరయ్యాక గానీ చేయి వేయలేదు. చీలిన వంపు కర్రకు జంటగా ఇంకొకటి ఆవిరిలో వంచి బిగించారు. పలక అంచున కావాలనే సన్నని సందు వదిలారు. జీవితమంతా సందు లేకుండా చెక్కను అతికించిన వడ్రంగులకు అది నచ్చలేదు. వాళ్ళకు ఆవిడ తెగిన రివిట్లు చూపించి, తన పొరపాటు ఎక్కడ జరిగిందో వివరంగా చెప్పారు.

వానలు పోయాక లాంచీ మళ్ళీ నీళ్ళలో దిగింది. నీరు లోపలికి వచ్చింది, రెండు రోజుల్లో ఆగిపోయింది. ఆ తరువాత అడుగు చెక్కలు పొడిగానే ఉన్నాయి. జీఎం గారు చెప్పినట్టే ఒక్కరే వచ్చారు. స్టీరింగు దగ్గర అప్పలనాయుడు గారిని కూర్చోబెట్టి, సుజాత గారు పక్కన నిలబడ్డారు. లాంచీ అవతలి గట్టు దాకా పోయి, గుర్రపుడెక్క మధ్య నుంచి దారి చేసుకుంటూ తిరిగి వచ్చింది. దాని పంకా అడుగు దూలం చాటున ఉంటుంది కాబట్టి వేర్లు చుట్టుకోలేదు. ముసలాయనకు మాత్రం పూర్తిగా తృప్తి కలగలేదు. "ఇంజిను గొంతు మారిపోనాదమ్మా," అన్నారు. స్టీరింగు వదిలి లేస్తూ, "నడక మాత్రం అదే," అని ఒప్పుకున్నారు.

నేను రిటైరయ్యేదాకా జాలీల తనిఖీకి ఆ లాంచీనే వాడాం. వేసవిలో కూడా ఒడ్డెక్కించకూడదని, రంగు వేయాల్సి వస్తే వానల్లోనే తీసి వెంటనే దించాలని నియమం పెట్టుకున్నాం. సుజాత గారికి ఆ తరువాత ప్రమోషను వచ్చి, నాణ్యత తనిఖీ విభాగానికి వెళ్ళారు. ఆ ఎంపిక కమిటీలో జీఎం గారు ఉన్నారని విన్నాను.

ఆ ఏడాది తరువాత ఇతరుల పనిని ఒప్పుకునే పద్ధతి నేను మార్చుకున్నాను. ఎవరైనా పని పూర్తయిందని చెప్పడానికి వస్తే, బాగా కుదిరిన భాగం చూపించమని అడిగేవాణ్ణి కాదు. ఎక్కడ పొరపాటు జరిగింది, దాన్ని ఎలా పట్టుకున్నారు అని అడిగేవాణ్ణి. ఏమీ జరగలేదన్న వాళ్ళ పనిని రెండోసారి పరీక్షించేవాణ్ణి. తడుముకోకుండా చెప్పినవాళ్ళ పని మీద సంతకం చేసేవాణ్ణి. ఉద్యోగం చివరి రోజుల్లో నేర్చుకున్నది కాబట్టి ఎక్కువ కాలం వాడుకోలేకపోయాను. వాడుకున్నంత మేరకు ఆ పద్ధతి తప్పలేదు.