బొట్టుబిళ్ల దాకా మంచినీళ్లు

కింది ఫ్లోర్ ఆంటీ ఇక లేరని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను మాదాపూర్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను. అబద్ధం ఎందుకు, ముందు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. నాలుగు రోజుల కిందట ఆవిడ నాకో పని చెప్పారు. శనివారం చేద్దాంలే అనుకున్నాను. శుక్రవారమే ఆవిడ వెళ్లిపోయారు.

ఆంటీ ఇంట్లో సముద్రపు నీళ్ల అక్వేరియం ఉండేది. అందులో అరచేయంత రాతి పగడం. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం కాదు, ప్రాణంతో ఉన్నది. ఆకుపచ్చగా, మెదడులా ముడతలు పడి రాయిని కరుచుకుని ఉండేది. ప్రభుత్వ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న వ్యాపకం అదొక్కటే.

మా పరిచయం గొడవతో మొదలైంది. కడప నుంచి వచ్చి కొండాపూర్‌లో ఆ ఫ్లాటులో దిగిన కొత్తలో, వీడియోలు చూసి నేనూ అలాంటి ఉప్పునీళ్ల అక్వేరియమే ఒకటి పెట్టాను. నీళ్లు మార్చినప్పుడల్లా పాతవి బాల్కనీలో కుమ్మరించేవాణ్ణి. అవి కింద ఆంటీ మల్లెచెట్టు మీద పడి చెట్టు మాడిపోయింది. ఆవిడ పైకొచ్చి తలుపు బాదారు.

“ఏంది బిడ్డా, నా మల్లెచెట్టుకు ఉప్పు నీళ్లు తాపుతున్నవ్?”

ఉప్పని ఎలా తెలిసిందంటే, ఆకు నాకి చూశారట! నా సారీలు వినిపించుకోకుండా లోపలికొచ్చి, అక్వేరియం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. “గిదా సంగతి” అన్నారు. మర్నాడు తన పగడంలోంచి గోటంత ముక్క కోసి గిన్నెలో పట్టుకొచ్చారు.

“ఇది సముద్రంల నుంచి పీకింది కాదు. ఇండ్లల్లనే పెరిగింది, నాకూ ఒకామె ఇచ్చింది. మొండిది, జల్ది చావది. పెరిగినంక నువ్వు ఇంకొకరికి ముక్క ఇయ్యాలె. ఒక్క ఇంట్లనే ఉంటే ఏదో ఒకనాడు కరెంటు పోతది, కథ ఖతం.”

అంత మొండిదాన్నీ నేను చంపబోయాను. రెండు నెలలకు అది ముడుచుకుపోయి, అంచుల్లో తెల్లగా లోపలి ఎముక కనిపించింది. నేను ఊరుకునే రకమా? లైటు మార్చాను. పంపు మార్చాను. ఏవేవో మందులు పోశాను. రోజూ చెయ్యి పెట్టి అటూ ఇటూ జరిపాను. చివరికి కిందికి పరుగెత్తాను. ఆంటీ వచ్చి ఒక్కటే అడిగారు.

“తొట్ల నీళ్లు తగ్గితే ఏం పోస్తున్నవ్?”

“ఉప్పు కలిపిన నీళ్లే ఆంటీ. సముద్రపు నీళ్లు కదా!”

“చారు మరిగితే ఏం పోతది? నీళ్లా, ఉప్పా?”

ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు అందులోనే ఉండిపోతుంది. నేను దాని మీద మళ్లీ ఉప్పు పోస్తున్నాను. ఇంజినీరింగు చదివిన వెధవని! వెంటనే బకెట్టు మంచినీళ్లు ఎత్తబోతే ఆవిడ కసురుకున్నారు.

“జర ఆగు! ఒక్కపారే పోస్తే అది ఇంకింత పరేషాన్ అయితది. రోజుకో చెంబు తీసెయ్, చెంబు మంచినీళ్లు పొయ్యి. పోసినంక చేతులు రెండూ జేబుల పెట్టుకో. చూసుడు గూడ పనే.”

తన నుదుటి బొట్టుబిళ్ల తీసి, నీళ్లు ఎక్కడిదాకా ఉండాలో అక్కడ అద్దం మీద అతికించి వెళ్లారు. తన తొట్టికీ అదే గుర్తు.

నా పగడం తేరుకుంది. అప్పటి నుంచి ఆఫీసు అయ్యాక ముందు వాళ్లింటికే వెళ్లేవాణ్ణి. ఆంటీ తొట్టి లైటు ఆర్పి, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, డ్రాపరుతో రొయ్య తురుము వదిలేవారు. ముడతల్లోంచి సన్నని వేళ్లు బయటికొచ్చి అందుకునేవి. అంకుల్ టీవీ మీంచి కళ్లు తీయకుండా “తింటున్నదా?” అని అడిగేవారు.

“నీకన్న నయం. వంకలు పెట్టది” అనేవారు ఆంటీ. రోజూ అదే మాట, రోజూ ముగ్గురం నవ్వేవాళ్లం. ఆ సాయంత్రాలంటే నాకు ప్రాణం.

తర్వాత ఆంటీ నెలన్నర దవాఖానలో ఉన్నారు. సాయంత్రాలు వాళ్లింటికి తాళం ఉండేది, నేను వెళ్లడం ఆగిపోయింది. ఎన్నడూ తొట్టి ముట్టని అంకుల్, ఆవిడ వచ్చేసరికి అంతా బాగుండాలని, నీళ్లు మార్చడానికి ఆంటీ ఉప్పు కలిపి ఉంచిన డ్రమ్ములోంచి రోజూ పోశారు. అది అయిపోతే మళ్లీ కలిపి పోశారు. బొట్టుబిళ్ల దాకా, చుక్క తేడా లేకుండా. నన్ను పిలిచేసరికి పగడం తెల్లటి రాయి అయిపోయింది.

అదే వారం ఆంటీ దవాఖాన నుంచి తన పగడం ఫోటో పంపమన్నారు. “చెప్పకు బిడ్డా, తట్టుకోదు” అని అంకుల్ నా చెయ్యి పట్టుకున్నారు. నా పగడాన్ని దగ్గరగా ఫోటో తీసి పంపాను. కాసేపటికి వాయిస్ మెసేజ్‌లో ఆవిడ గొంతు వచ్చింది, సన్నగా, ఆగి ఆగి.

“నీ పిల్లను నేను గుర్తుపట్టనా? మంచిగ పెంచినవ్. సగం కోసి మా తొట్ల పెట్టు. ఆయన ఉప్పు నీళ్లే పోసి ఉంటడు. నువ్వు గూడ పోసినోనివే, యాదుంచుకో. తిట్టకుండ నేర్పు.”

ఆ పనే నేను వాయిదా వేసింది. కోస్తే ఉన్నదీ పోతుందేమోనన్న భయం. చిన్న రంపం కొని టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను, అంతే. పని పూర్తయిందన్న మాట ఆవిడకు చెప్పలేకపోయాను. అది నన్ను ఇప్పటికీ కోస్తూనే ఉంది.

ఆవిడ పోయాక అంకుల్‌ని చారు సంగతే అడిగాను. ఆయన డ్రమ్ము వైపు చూశారు.

“అంటే నేనే చంపిన్నా?”

“నేనూ అదే చేశాను అంకుల్. ఆంటీ దిద్దారు.”

“ఆమెకు తెలుసా?”

“తెలుసు. తిట్టొద్దన్నారు.”

ఆయన మొహం కప్పుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ రోజు నుంచే చెంబు చెంబుగా నీళ్లు సరిచేశాం. రెండు వారాలకు నా పగడాన్ని సగానికి కోసి వాళ్ల తొట్టిలో రాయికి అతికించాను.

నిన్న సాయంత్రం వెళితే టీవీ ఆపి ఉంది. అంకుల్ చెంబుతో మంచినీళ్లు బొట్టుబిళ్ల దాకా పోశారు. లైటు ఆర్పి, డ్రాపరుతో రొయ్య తురుము వదిలారు. తర్వాత చేతులు రెండూ లాల్చీ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. చాలాసేపటికి ముడతల్లోంచి ఒక సన్నని వేలు బయటికొచ్చింది. ఆయన పక్కనున్న ఖాళీ స్టూలు వైపు తిరిగి, “తింటున్నది” అన్నారు.