ఎండ తగలని గోడ వెచ్చబడింది

నేను స్కూలు టీచర్ని. గాజువాకలో మా ఇంటి కింద, బట్టలుతికే చోటు పక్కన చిన్న గదిలో చెక్క కోసి చిత్రిక పట్టే మిషను పెట్టుకున్నాను. సెలవురోజుల్లో పీటలు, పుస్తకాల అరలు చేస్తాను.

మొదట్లో మిషను ఆన్ చేసిన ప్రతిసారీ బోర్డులో ట్రిప్ స్విచ్ పడిపోయి కరెంటు ఆగిపోయేది. విసుగెత్తి మా వీధి ఎలక్ట్రీషియన్ని పిలిచి, పడకుండా చెయ్యమన్నాను. పది ఆంపుల స్విచ్ తీసి ముప్పై రెండుది పెట్టాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. సంబరపడి, పొట్టు లాగే వాక్యూమ్ కూడా ఆ లైనుకే తగిలించాను.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం పొద్దున్న గంటసేపు పలకలు చిత్రిక పట్టి మిషను ఆపాను. బయట గోడకి ఆనుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్త పిలిచింది.

"అమ్మీ, ఈ గోడేటి ఇంత ఎచ్చగుంది? నా నడుం నొప్పికి బాగుంది."

ఎండకేమో అన్నాను. అన్నాక తట్టింది, అది ఉత్తరం గోడ, అటు ఎండ రాదు. వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. ఒకచోట అరచెయ్యి ఆనించలేకపోయాను. పరుగెత్తి మెయిన్ ఆపేశాను. అత్తని లేపి అవతల కూర్చోబెట్టి, తమ్ముడికి ఫోన్ చేశాను.

మా తమ్ముడు ఫ్యాక్టరీలో కరెంటు పని చేస్తాడు. ఆనందపురం నుంచి వచ్చి, గోడలోంచి తీగ బయటికి లాగాడు. పైతొడుగు నల్లబడి, కరిగి వేళ్లకి అంటుకుంది.

"అక్కా, ఇది లైటుకీ ఫ్యానుకీ ఏసిన తీగ. పెద్ద స్విచ్ ఎవులు పెట్టమన్నారు?"

"నేనే."

"తీగ ఎంత మోస్తాదో సూసి స్విచ్ పెట్టాల. తీగ కాలిపోకూడదనే అది పడేది. ఇప్పుడు కాలతన్నా పడదు."

తర్వాత బోర్డు వెనక పచ్చ తీగ చూపించాడు. ఎర్తుది. కొస మడిచి వదిలేసి ఉంది, దేనికీ కలపలేదు.

"మిషను ముట్టుకుంటే ఎప్పుడైనా జిల్లుమందా?"

"రెండు మూడుసార్లు. కాళ్లు తడిగా ఉన్నప్పుడు."

"ఎర్తు కలపకపోతే మిషన్లో లీకైన కరెంటు నీ ఒంట్లోంచే బూమిలోకి పోతాది అక్కా."

వారంలో మీటరు దగ్గర్నుంచి మిషనుకి మందపాటి రాగితీగతో వేరే లైను వేశాడు. దానికి తగిన స్విచ్, కరెంటు లీకైతే వెంటనే కట్టయ్యేది ఇంకొకటి, పెరట్లో ఎర్తు గుంట. వాక్యూమ్‌కి విడిగా ఇంకో లైను.

ఎలక్ట్రీషియన్ని పిలిచి కాలిన తీగ చేతిలో పెట్టాను. అతని మొహం పాలిపోయింది.

"మీరే కదా మేడం, పడకుండా చెయ్యమన్నారు," అన్నాడు మెల్లగా.

నిజమే.

"ఇంకెన్ని ఇళ్లలో ఇలా మార్చావు?"

వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండో చేతికి వచ్చేసరికి ఆపమన్నాను. ఆ సాయంత్రమే తమ్ముడూ అతనూ ఒకే బండి మీద మొదటి ఇంటికి బయల్దేరారు.