తొమ్మిది నిమిషాల గుమస్తా

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే గుమస్తాకి పాతికేళ్ల సర్వీసులో దక్కిన బిరుదు ఒక్కటే: "హ్యాబిచ్యువల్ లేట్ కమర్". కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు మెమోలో రాసిచ్చారు. మర్నాడు సరైన జవాబివ్వకపోతే ఆ మాట సర్వీసు పుస్తకానికెక్కుతుంది. ఎక్కిందంటే, వచ్చే నెల రావలసిన హెడ్ గుమస్తా పదవికి నీళ్లు వదులుకోవడమే.

ఆలస్యమన్నది మాత్రం నిజం. పదింటి ఆఫీసుకి రోజూ తొమ్మిది నిమిషాలు. ఎనిమిదీ కాదు, పదీ కాదు.

సాయంత్రం మెమో తీసుకెళ్లి, ఇంగ్లీషు టీచరైన భార్య చేతిలో పెట్టాడు.

"'హ్యాబిచ్యువల్' అంటే అలవాటుగా చేసేదని అర్థం. కానీ మంచి పనులకి పెద్దగా వాడరండీ. దొంగలకీ, అబద్ధాలకోర్లకీ తగిలిస్తారు," అందావిడ.

"నన్ను తీసుకెళ్లి వాళ్ల సరసన కూర్చోబెట్టాడా!"

"'యూజువల్' అని రాసుంటే సరిపోయేది. ఎప్పుడూ ఉండేదే, మామూలే అని. అందులో తిట్టు లేదు."

"నాదీ మామూలేగా!"

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తారే, అదీ మామూలేనా?"

గుమస్తా వినబడనట్టు మెమో మడిచాడు.

మర్నాడు గడియారం పది కొట్టేసరికి ఆఫీసు మెట్ల మీదున్నాడు. తలుపుకి తాళం! అయిదు నిమిషాలకి తాళాలగుత్తి ఆడించుకుంటూ వచ్చిన బంట్రోతు హడలిపోయాడు.

"అయ్యో బాబుగారూ! ఇంట్లో అంతా క్షేమమేనా?"

"నాకేం? నువ్వేంటి ఇప్పుడొస్తున్నావు?"

"మీకంటే ముందొస్తే టైముకొచ్చినట్టే కదండీ ఇక్కడ!"

ఆరో నిమిషానికి టైపిస్టు, ఏడో నిమిషానికి క్యాషియరు వచ్చి, గుమస్తాని చూసి గుమ్మంలోనే నీళ్లు నమిలారు. సరిగ్గా ఎనిమిదో నిమిషానికి ఆఫీసరుగారి కారు ఆగింది. జవాబు కాగితం పట్టుకుని నిలబడ్డ గుమస్తా అలవాటు లేని పని ఇంకోటి చేశాడు. చేతి గడియారం చూసుకున్నాడు.

ఆఫీసరుగారి మొహం కందగడ్డయింది.

"ఏంటండీ, ఇంత పొద్దున్నే?"

"మెమోకి జవాబు సార్."

ఆయన జవాబు చదవలేదు. మెమో అడిగి తీసుకుని, కారు మీదే పెట్టి, హ్యాబిచ్యువల్ కొట్టేసి పైన యూజువల్ అని రాశారు. "దీన్ని పుస్తకానికెక్కించక్కర్లేదు. రేపట్నుంచి ఎప్పట్లాగే రండి. ఆఫీసన్నాక ఒక పద్ధతుండాలి."

గుమస్తా ఆ దిద్దుబాటుని విజయపతాకంలా ఇంటికి తెచ్చాడు. భార్య చదివి, మంచం కేసి చూసింది.

"ఆఫీసు సంగతి సరే. ఆ తువ్వాలుకి మాత్రం పాత మాటే ఉంచుతున్నాను."