అన్నయ్యగారిని మాట్లాడించిన వసపిట్ట

ఆసుపత్రిలో హాజరుపట్టీ రాసే గుమాస్తా తప్ప ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మిగతా అందరికీ ఆమె వసపిట్ట. ముప్పై ఏళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో నర్సు. పనికి వంక పెట్టినవాళ్ళు లేరు గానీ, ఆ నోరు మాత్రం క్షణం ఊరుకోదు. “నీ నోటికి తాళం వేస్తే ఆ తాళం కూడా మాటలు నేర్చుకుంటుందే” అనేదట తల్లి. ఆమె చెప్పేది వింటూనే నిద్రపోయే విద్యను భర్త పెళ్ళైన ఏడాదిలోపే సాధించాడు. ఒకసారి పెద్ద సర్జన్ విసిగిపోయి థియేటర్ బయట నిలబెడితే, అక్కడ నేల తుడిచే ఆవిడకు పెళ్ళిసంబంధం కుదిర్చి వచ్చింది.

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఒక వడ్రంగిని తీసుకొచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి. తలుపు చెక్కకు చిత్రిక పడుతూ నడుం పట్టుకుని కూలబడ్డాడట. స్కాన్ తీస్తే, గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం చెంబులా ఉబ్బి పగిలి ఉంది. కారిన రక్తం వెన్ను పక్కన గడ్డకట్టి ప్రస్తుతానికి తనే అడ్డుపడింది. ఆ అడ్డు ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు.

“పొట్ట కోయడం లేదు. తొడ మొదట్లోంచి తీగ పంపి, పగులును మూసేలా నాళం లోపలే గుడ్డగొట్టం అమరుద్దాం” అంది సర్జన్ చేతులు కడుక్కుంటూ. “మత్తు కూడా ఇవ్వొద్దు. పొట్ట వదులైతే ఆ అడ్డు కాస్తా పోతుంది. సెలైన్ కుమ్మరించినా అంతే. ఆయన మాట్లాడుతున్నాడంటే మెదడుకు రక్తం అందుతున్నట్టే, అంతవరకు చాలు. సిస్టర్, మీరు తల దగ్గర నిలబడండి. మాటలు కావాలి.”

వసపిట్ట తన చెవులను తానే నమ్మలేదు. “నన్నేనా, డాక్టర్ గారూ?”

“మీ మాటలు కాదు. ఆయనవి.”

చిక్కంతా అక్కడే వచ్చింది. “నలభై నాలుగేళ్ళ కాపురమమ్మా, ఆయన నోట్లోంచి మాట రాబట్టడం నావల్లే కాలేదు” అని వడ్రంగి భార్య తలుపు దగ్గరే చెప్పి కళ్ళు తుడుచుకుంది.

“ఎలా ఉంది అన్నయ్యగారూ?” అని మొదలుపెట్టింది వసపిట్ట.

“ఊఁ.”

“నొప్పి తగ్గిందా?”

“ఊఁ.”

“పిల్లలెంతమంది?”

ఆయన రెండు వేళ్ళు చూపించాడు. “కదలొద్దు!” అని అటునుంచి సర్జన్ అరిచింది. అప్పటికే రెండు తొడల మొదట్లోనూ తిమ్మిరి సూదులు పడ్డాయి. రక్తపోటు అంకెలు మెట్టు మెట్టుగా దిగుతున్నాయి. ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. జన్మలో మొదటిసారి వసపిట్టకు ఏం మాట్లాడాలో తోచలేదు.

“అది కాదన్నయ్యగారూ,” అంది చివరికి, “మా ఇంట్లో అలమార తలుపు పట్టటం లేదు. మా ఆయన రంపం తెచ్చి పై అంచు కోసేశారు.”

కళ్ళు తెరుచుకున్నాయి. “పై అంచా?”

“అవును. రెండు వేళ్ళ మందం.”

“అయ్యయ్యో... ఎవరు కోయమన్నారు? కింది బందు జారుంటుంది.”

“ఇప్పుడు సందుందిగా, అట్ట పెట్టి మేకులు కొట్టేద్దామనుకుంటున్నారు.”

“మేకులా!” ఆయన గొంతులోకి ఎక్కడిదో ఓపిక వచ్చింది. “మేకులు కొడితే చెక్క చీలిపోదూ? నేను చెప్తా విను...”

ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆమె తప్పుల మీద తప్పులు చెబుతూనే ఉంది. అవతల తెర మీద తీగ పైకి పాకుతోంది. “ముందు తలుపు విప్పాలి. విప్పి, పాత బందు తీసి... రెండు...”

మాట అక్కడే ఆగింది.

“డాక్టర్ గారూ, మాట ఆగింది!” యంత్రం కూత పెట్టేలోపే అరిచింది వసపిట్ట. సర్జన్ చేయి అప్పటికే, తీగ వెంట లోపలికి పంపిన బెలూన్‌ను ఉబ్బించే సిరంజి మీద ఉంది. పగులుకు పైన నాళం లోపల ఆ చిన్న బెలూన్ ఉబ్బి, కిందికి పోయే రక్తాన్ని పట్టి నిలబెట్టింది. వసపిట్ట ఆయన నుదుటి మీద అరచేయి ఆన్చింది. “అన్నయ్యగారూ, రెండు ఏంటి? సగంలో వదిలేస్తే ఎలా? చెప్పండి, రెండు ఏంటి?” ఒక నిమిషం గడిచింది.

“...మరలు,” అన్నాడాయన. “రెండు పొడుగు మరలు.”

సర్జన్ గట్టిగా ఊపిరి వదిలింది. గుడ్డగొట్టం పగులు మీదుగా విచ్చుకుంది, రెండు తొడల వైపు దిగే దాని కాళ్ళూ అమిరాయి, బెలూన్ దించారు. చివరి ఫోటోలో బయటికి చుక్క కారడం లేదు. అంతా కలిపి యాభై నిమిషాలు.

స్ట్రెచర్‌ను బయటికి తోసుకొస్తుంటే వడ్రంగి తనంతట తానే నోరు విప్పాడు. “ఇంటావిడ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కాస్త చూడమ్మా.” వసపిట్ట ఆ మాట మోసుకెళ్ళి చెబితే వదినగారు గోడకు ఆనుకుని కూలబడి, ఏడుస్తూనే నవ్వింది.

ఆ సాయంత్రం వసపిట్ట ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. భర్త హడలిపోయి జ్వరం ఉందేమోనని చూశాడు. వడ్రంగికి రెండు రోజులు మూత్రపిండాలు మొరాయించాయి, పొట్ట వాచి అందరినీ భయపెట్టింది. పదకొండో రోజున భార్య భుజం పట్టుకుని నడిచి వెళ్ళాడు. “వస్తానమ్మా” అన్నాడు, అంతే.

ఇప్పుడు కొత్త నర్సులకు, రోగిని మాట్లాడించే ఆ పని వసపిట్టే నేర్పుతోంది. “‘బాగున్నారా’ అని అడక్కండి. పోయేవాళ్ళూ బాగున్నామనే అంటారు. వాళ్ళకు తెలిసిన పని అడగండి, తప్పుగా చెప్పండి. దిద్దకుండా ఉండలేరు.”

“ఆ పని మనకే తెలియకపోతేనో, సిస్టర్?” అంది ఒకమ్మాయి.

“మరీ మంచిదే పిల్లా. తప్పులు వాటంతటవే వస్తాయి.”