దుప్పటి అవతలి కొస

మా ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆవిడను పెద్దక్క అనేవారు, వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఉతికిన దుప్పట్ల మీద ఇంకా క్రిములు మిగిలాయేమో చూడడానికి వారానికోసారి దూది పుల్లల డబ్బా పట్టుకుని కింది అంతస్తులోకి దిగేదాన్ని. అక్కడంతా ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల హోరు. ఆ హోరులో మాట వినపడాలంటే అరవాలి. అరిస్తే మామూలు మాట కూడా తిట్టులాగే ఉంటుంది. సగం తగాదాలు అలాగే పుట్టేవి.

వాటిని తీర్చడానికి పెద్దక్కకు ఒక పద్ధతి ఉండేది. తగాదా పడ్డ ఇద్దరినీ మడతల గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసి, చెరో కొస ఇచ్చి దుప్పట్లు మడతపెట్టమనేది. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల కాదు. ఇద్దరూ దూరంగా నిలబడి విదిలించాలి, అంచులు కలపాలి, ఆఖరికి ఒకరి దగ్గరికొకరు నడిచి రావాలి. చేతులకు పని ఉంటుంది కాబట్టి మొహాలు చూసుకోనక్కర్లేదు.

"ముందు దాని బాధేమిటో నువ్వు చెప్పు. అది 'అవును, అదే' అన్నాక నీది చెబుదువుగాని" అనేది. మొదటి దుప్పటి వంకర టింకరగా మడిచేవారు. కట్ట సగమయ్యేసరికి అంచులు కలిసేవి.

హెచ్ఆర్ మేడం ఈ సంగతి విని ఆవిడను మధ్యవర్తుల శిక్షణకు పంపింది. "నాకొచ్చిన పనికే పేరు పెట్టించుకొచ్చాను" అని నవ్వింది పెద్దక్క తిరిగొచ్చాక. కానీ అక్కడ రెండు సంగతులు గట్టిగా మనసుకు పట్టించుకుంది. ఒకటి, ఇద్దరినీ కలపకముందే ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వాళ్ళకు అసలేం కావాలో వాళ్ళచేతే చెప్పించడం. రెండోది, గదిలో అన్న మాట గది దాటకూడదన్న నియమం. ఇద్దరూ ఒప్పుకున్నదే బయటికి రావాలి. అలాగేనని సంతకం కూడా పెట్టి వచ్చింది.

మొదటిదాన్ని నా మీద కూడా ప్రయోగించింది. అప్పుడు మావాడికి ఇంకా ఏడాది నిండలేదు. రాత్రుళ్ళు వాడి ఊపిరి వినపడుతోందా లేదా అని లేచి కూర్చునేదాన్ని. పొద్దున్నే మా ఆయన మీద కారాలు మిరియాలు నూరుతూ పనికొచ్చేదాన్ని.

"అతనేం చెయ్యట్లేదో అంతా చెప్పావు తల్లీ. నీకేం కావాలో చెప్పలేదు."

"నిద్ర కావాలి పెద్దక్కా."

"ఆ ముక్క అతనితో అన్నావా?"

అనలేదు. సిగ్గేసి మాట మార్చాను. "మీ ఇంట్లోనూ ఇలాగే మాట్లాడుకుంటారా?"

"మా ఆయన బస్సు డ్రైవరమ్మా. చెప్పాల్సిందంతా హారనుతో చెప్పేసి వస్తాడు. ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదు."

ఇస్త్రీ రోలరు దగ్గర ఇద్దరు జోడీగా పనిచేసేవారు. ఇటు నిలబడి తడి దుప్పటిని వేడి రోలర్ల మధ్యకు అందించేది చంటితల్లి. ఆమె బిడ్డదీ మావాడి ఈడే. మేమిద్దరం కలిస్తే జ్వరాలు, పళ్ళు, విరేచనాలు తప్ప వేరే కబుర్లుండేవి కావు. అటు నిలబడి దుప్పటిని లాగేది పొడుగమ్మ. రోలరు ముందు ఒక ఇనుప పట్టీ ఉంటుంది. పొరపాటున చెయ్యి దానికి తగిలితే యంత్రం టక్కున ఆగాలి.

కొన్నాళ్ళుగా వాళ్ళిద్దరికీ పడేది కాదు.

"దుప్పటి అందిస్తున్నావా, దానికి జోల పాడుతున్నావా?" అని అటునుంచి పొడుగమ్మ.

"నువ్వు లాగేది దుప్పటినా, నన్నా?" అని ఇటునుంచి చంటితల్లి.

చివరికి తడిబట్టలు విసురుకునేదాకా వచ్చింది. లాండ్రీ ఇన్‌చార్జి విసుక్కుని, "ఆడవాళ్ళ గొడవ, మీరే చూసుకోండి పెద్దక్కా" అని ఆవిడకు అప్పగించాడు.

గదిలో ఏం జరిగిందో నాకు అప్పుడు తెలియదు, తర్వాత విచారణలో విన్నాను. దుప్పటి అంచు పట్టుకున్న చంటితల్లి మాటిమాటికీ చేతులు వెనక్కి లాక్కుంటోందట. ఎందుకని అడిగితే, పట్టీ పనిచెయ్యడం లేదంది. తడి దుప్పటి బరువుకే పట్టీ కదిలి రోలరు మాటిమాటికీ ఆగుతోందని, ఇన్‌చార్జి కట్టెయ్యమంటే, పొడుగమ్మే దాన్ని గుడ్డపీలికతో బిగించి కట్టేసింది. ఆపైన ఆయన రోలరు వేగం పెంచాడు. ఇద్దరూ ఆ వేగాన్ని అందుకోలేక ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

"ఇది మీ ఇద్దరి తగువు కాదే. మేడంతో చెబుదాం" అంది పెద్దక్క.

పొడుగమ్మ బెదిరిపోయింది. "అమ్మో, వద్దక్కా! కట్టింది నా చేతులు. కట్టమన్నానని ఆయన ఒప్పుకుంటాడా?"

"నాకూ వద్దక్కా. నేనే చెప్పానని తెలిస్తే రేపట్నుంచి పనిలో ఉంచుతారా?" అంది చంటితల్లి.

ఇద్దరూ వద్దన్నాక నియమం ప్రకారం ఆ మాట గదిలోనే ఉండిపోయింది. 'అపార్థం తొలగింది' అని కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. చంటితల్లి బల్లమీద తట్టాలి, తట్టాకే పొడుగమ్మ లాగాలి. అదీ ఒప్పందం. పీలిక మాత్రం కట్టింది కట్టినట్టే ఉంది.

ఒప్పందం చక్కగా పనిచేసింది. అదే కొంప ముంచింది. ఇద్దరూ ఒక్క మనిషిలా కదలసాగారు. ఒకరి డబ్బాలోది ఒకరు తినేవారు. ఇన్‌చార్జి చూసి మురిసిపోయి, "మాట్లాడుకుంటే ఎంత బాగుంటుందో చూశారా!" అని వేగం ఇంకాస్త పెంచాడు.

ఒక మధ్యాహ్నం చంటితల్లి కుడిచెయ్యి దుప్పటితోపాటు లోపలికి పోయింది. పొడుగమ్మ ఒక్క గెంతులో వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేసి, ఆమె చేతిని బయటికి లాగింది. లేకపోతే మోచేతిదాకా పోయేది. డాక్టర్లు మూడు వేళ్ళు తీసేశారు. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళి, మావాడి వేళ్ళు నలగకుండా తలుపు సందులన్నిటికీ స్పాంజి ముక్కలు అతికించాను. మా ఆయన అడ్డు చెప్పలేదు, కత్తెర అందించాడు.

విచారణ కమిటీలో ల్యాబ్ తరఫున నన్నూ కూర్చోబెట్టారు. అప్పటికి పీలిక మాయమైంది. పట్టీ భేషుగ్గా పనిచేస్తోంది.

"ఎవరూ మాతో ఒక్కమాట అనలేదండీ. పాపం, చంటిబిడ్డ తల్లి, రాత్రుళ్ళు నిద్ర ఉండదు. కునుకు పట్టి ఉంటుంది" అన్నాడు ఇన్‌చార్జి, గొంతులో ఎంతో జాలి ఒలికిస్తూ.

అజాగ్రత్త అని తేలితే ఆమె ఉద్యోగం పోతుంది. వేళ్ళు లేని చేతికి ఇంకెవరు పనిస్తారు? పట్టీ కట్టేసి ఉందని చంటితల్లి మొత్తుకుంది. నెపం వెతుక్కుంటోందన్నారు. పొడుగమ్మను అడిగితే, నేల చూపులు చూస్తూ "నాకేం తెలీదు" అంది.

పెద్దక్క లేచింది.

"ఆ గదిలో మాటలు బయటపెట్టనని మీరు సంతకం చేశారు" అని గుర్తుచేసింది హెచ్ఆర్ మేడం.

"చేశానమ్మా. నా నోటికి కట్టుకున్న గుడ్డ నేనిప్పుడు విప్పుతున్నాను. పట్టీకి కట్టినదాన్ని ఎవరో ముందే విప్పేశారు."

పొడుగమ్మ చెవులు మూసుకుంది. పెద్దక్క అంతా చెప్పింది.

చంటితల్లి ఉద్యోగం నిలిచింది. కూర్చుని గుడ్డలు లెక్కపెట్టే పని ఇచ్చారు. పట్టీ కట్టినందుకు పొడుగమ్మను తీసేశారు. తాను కట్టమనలేదని ఇన్‌చార్జి ప్రమాణం చేశాడు. అతను చెబుతుండగా విన్నవాళ్ళు లేరు కాబట్టి అతన్ని పై అంతస్తు స్టోర్సుకు మార్చి ఊరుకున్నాం. ఆ నిర్ణయం రాసిన కాగితం మీద నా సంతకమూ ఉంది. నియమం తప్పినందుకు పెద్దక్క మధ్యవర్తి పని పోయింది. ఇప్పుడు బయటినుంచి ఒకాయన వస్తాడు, ల్యాప్‌టాప్ పట్టుకుని. ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

పెద్దక్క దగ్గరికీ ఎవరూ వెళ్ళరు. ఆవిడ వస్తే మాటలు టక్కున ఆగిపోతాయి. చంటితల్లి కూడా మొహం తిప్పుకుంటుంది. "నా కూడు నిలబెట్టింది, కాదనను. కానీ నా చెయ్యి బయటికి లాగినదాన్ని వీధిన పడేసింది" అంది నాతో.

మొన్న నమూనాల కోసం వెళితే పెద్దక్క మడతల గదిలో ఒక్కతే ఉంది.

"ఆ రోజే ఈ గది తలుపు తెరిచెయ్యాల్సింది తల్లీ" అంది నేను అడక్కుండానే. "రాజీ కుదిరిందని సంబరపడ్డాను. చూసుకోవాల్సింది దాని చెయ్యి."

డబ్బా కిందపెట్టి దుప్పటి అవతలి కొస అందుకోబోయాను.

"ముట్టుకోకు! ల్యాబ్ చేతులు. ఇవి ఉతికినవి. మళ్ళీ నువ్వే వచ్చి క్రిములున్నాయంటావు."

ఆవిడ ఆ కొసను బట్టలు తోసుకెళ్ళే బండి కడ్డీకి ముడేసింది. ఇటు కొస పట్టుకుని వెనక్కి నడిచింది, విదిలించింది. అంచులు కలుపుకుంటూ కడ్డీదాకా తనే నడిచి వెళ్ళింది.