పోలీసాయన పక్కన కూర్చుని చదివిన జీవశాస్త్రం

మొన్న గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, నా ఛాతీ మీద చల్లటి జెల్ రాసి చిన్న యంత్రాన్ని అటూ ఇటూ జరుపుతున్న టెక్నీషియన్ అమ్మాయి, తెరను నావైపు తిప్పి నా గుండెను నాకే చూపించింది. నలుపు తెలుపుల్లో కొట్టుకుంటున్న ఆ ముద్దలో ఉన్నట్టుండి ఎరుపూ నీలమూ ఎగిసిపడుతుంటే, ఎరుపు మంచి రక్తమూ నీలం చెడు రక్తమూ కాబోలని అడిగాను. అదేం కాదట. యంత్రం వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయే రక్తానికి నీలం, గుర్తు కోసం మనుషులు పెట్టుకున్న రంగులేనట. ఆ మాట వినగానే, మంచం మీద పక్కకి ఒత్తిగిలి పడుకున్నదాన్ని అలాగే నవ్వేశాను. గుండెకి రంగులు వేసేది మనుషులేనన్న సంగతి తెలుసుకోవడానికి ఒకప్పుడు నేను పడిన పాట్లు ఆ పిల్లకేం తెలుసు?

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. ఇల్లినాయ్ రాష్ట్రంలో, చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప మరేమీ కనిపించని ఒక ఊళ్ళో మావారికి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్ళితో మధ్యలో ఆగిపోయిన నా బి.కాం. అక్కడి చిన్న కాలేజీలో పూర్తిచేసుకుంటే అకౌంటెంటుగా పని దొరుకుతుందని చేరాను. చేరాక తెలిసింది, లెక్కలు చదివేవాళ్ళయినా, చరిత్ర చదివేవాళ్ళయినా ఒక సైన్సు కోర్సు పాసవకపోతే డిగ్రీ ఇవ్వరని. అలాంటివాళ్ళ కోసమే సైన్సు రానివాళ్ళ జీవశాస్త్రం అని ఒక కోర్సు ఉండేది. జమాఖర్చులు రాసుకోబోయేదానికి కప్ప కడుపులో ఏముందో ఎందుకని మొదటినుంచీ నాకు ఆ కోర్సు మీద అనుమానమే.

ఆ అనుమానాన్ని మా ప్రొఫెసరు మొదటిరోజే రెట్టింపు చేశాడు. పొడుగ్గా, వంగిన భుజాలతో, మోచేతుల దగ్గర తోలు అతుకులు వేసిన కోటుతో వచ్చి, నేను చెప్పేది ఏదీ నమ్మకండి, పరీక్షించి చూసుకున్నాకే నమ్మండి అన్నాడు. మాస్టారు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసుకుని పెరిగిన మన తరంవాళ్ళకి ఆ మాట ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తనకే సరిగా తెలియక ముందుగా తప్పించుకుంటున్నాడా, లేక మమ్మల్ని ఏదైనా ఉచ్చులోకి లాగుతున్నాడా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

లాబ్‌లో ఒక్కో బల్లకి ఇద్దరం. నేను కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని ఉంటే, యూనిఫాంలో, నడుముకి తుపాకీతో ఒక పోలీసాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గదిలో ఇంకా ఖాళీ బల్లలు ఉన్నాయి. ఈయన ఇక్కడే ఎందుకు కూర్చున్నట్టు? ఊరి పోలీసు శాఖలో ప్రమోషన్ రావాలంటే డిగ్రీ కావాలట, అందుకని డ్యూటీ దిగి అటునుంచి అటే వస్తాడట. చెప్పాడు గాని నేను నమ్మలేదు. ఆయన ప్రశ్నలు కూడా అలాగే ఉండేవి. ఏ వీధిలో ఉంటారు, మీవారు ఏ షిఫ్టు, ఆ నీలం కారు మీదేనా? కప్పని కోస్తూ కోస్తూ ఆరా తీసేవాడు. మా వీసా కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నా, ఆ రోజుల్లో యూనిఫాం కనిపిస్తే మనం అవతలి వైపుకి తప్పుకునేవాళ్ళం కాదూ! నేను చేతిని అడ్డం పెట్టుకుని రాసుకునేదాన్ని. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడల్లా ఆయన కూడా తన కాగితాలు బోర్లా తిప్పి వెళ్ళడం గమనించాను. అంటే అనుమానం నా ఒక్కదానికే కాదన్నమాట.

కప్పల తర్వాత గుండె పాఠం వచ్చింది. మా పాఠ్యపుస్తకంలో బొమ్మలన్నీ నలుపు తెలుపువే. ప్రతి బల్ల మీదా ప్లాస్టర్‌తో చేసిన పెద్ద గుండె నమూనా ఒకటి పెట్టి, దాన్ని చూసి రంగు పెన్సిళ్ళతో బొమ్మ గీసుకోమన్నారు. నాకు బొమ్మలు వేయడం ఇష్టం. శ్రద్ధగా వేశాను. పక్కన పోలీసాయన కూడా తన లావుపాటి వేళ్ళతో పెన్సిల్ పట్టుకుని, చిన్నపిల్లాడిలా నాలుక బయటపెట్టి గీయడం ఓరకంట చూశాను. కొన్నాళ్ళకి పరీక్షలో అదే గుండెను రంగుల్లేని బొమ్మగా ఇచ్చి, రంగులు వేసి వివరించమన్నారు. బ్రహ్మాండంగా రాశాననుకుని ఇంటికి వెళ్ళి ఆ సాయంత్రం పాయసం కూడా చేశాను.

ఆ మరుసటి వారం మా ఇద్దరినీ ప్రొఫెసరు తన గదికి పిలిపించాడు. రెండు జవాబు పత్రాలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళేది చెడు రక్తం, దానికి నీలం వేయాలి. అక్కడ శుభ్రపడి తిరిగి వచ్చేది మంచి రక్తం, దానికి ఎరుపు వేయాలి. మేమిద్దరం సరిగ్గా తలకిందులుగా వేశాం. పైగా వివరణలో కూడా మంచి రక్తమే ఊపిరితిత్తులకి పోతుందని రాశాం. క్లాసు మొత్తంలో ఆ తప్పు ఇంకెవరూ చేయలేదట.

"సరైన జవాబు ఇద్దరు ఒకేలా రాస్తే నాకు ఆశ్చర్యం లేదు. ఇంత వింత తప్పు, అదీ పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రాస్తే ఏమనుకోవాలి?" అన్నాడు ప్రొఫెసరు.

వచ్చేవారంలోగా ఎవరు ఎవరి పేపరు చూశారో చెప్పకపోతే విషయం కాలేజీ కమిటీకి వెళుతుందట. వెళితే నా రికార్డు మీద ఆ మచ్చ ఉండిపోతుంది, మచ్చ ఉన్న అకౌంటెంటుకి ఎవరు ఉద్యోగం ఇస్తారు? అయినా ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం, నా వచ్చీరాని ఇంగ్లీషులోనే అనేశాను.

"సార్, పరీక్షించకుండా ఏదీ నమ్మొద్దని మొదటిరోజు మీరే అన్నారు. మరి మేం కాపీ కొట్టామని ఏం పరీక్షించి నమ్ముతున్నారు?"

ఆయన రెండు పత్రాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కకి జరిపాడు. సరే, మీ దగ్గర ఆధారం ఉంటే తీసుకురండి అన్నాడు. పోలీసాయన మాత్రం బయటికి రాగానే తిన్నగా తన కారెక్కి వెళ్ళిపోయాడు. నా మీదికి తోసేయడానికి ఏదో ఆలోచిస్తున్నాడని నిశ్చయించుకున్నాను.

ఇంట్లో చెబితే మావారు అన్నం కంచం పక్కకి జరిపారు.

"ఎందుకొచ్చిన గొడవ చెప్పు? ఆ కోర్స్ డ్రాప్ చేసేయ్. పోలీసు మాటా మన మాటా ఎదురుబదురు పెడితే ఎవరిది నమ్ముతారు?"

"డ్రాప్ చేస్తే కాపీ కొట్టానని ఒప్పుకున్నట్టే కదండీ!"

"అసలు ఆయనెందుకు నీ పక్కనే కూర్చున్నాడంటావ్?" అని ఆయన కూడా నా అనుమానానికి ఇంకొంచెం నూనె పోశారు.

రెండ్రోజుల తర్వాత, లైబ్రరీ మెట్ల మీద పోలీసాయన నాకోసం నిలబడి ఉన్నాడు. ఈసారి మామూలు చొక్కాలో ఉన్నాడు, అందుకని కాస్త చిన్నగా కనిపించాడు.

"మేడం, సూటిగా అడుగుతాను. నా పేపరు చూశారా?"

"లేదు. మీరు నాది చూశారా?"

"లేదు. కానీ చూశానని తేలిస్తే నా పోలీసు బ్యాడ్జి తిరిగి ఇచ్చేయాల్సి వస్తుంది. పరీక్షలో దొంగతనం చేసిన పోలీసుని ఎవరుంచుకుంటారు?" అన్నాడు. "నేను మిమ్మల్ని నమ్మట్లేదు. మీరూ నన్ను నమ్మట్లేదని తెలుసు. అయినా లాబ్‌కి ఒకసారి రండి. ఎక్కడ జరిగిందో అక్కడికి వెళ్ళి చూడటం మా పద్ధతి."

వెళ్ళాలా వద్దా అని తటపటాయించి, చివరికి నాలుగడుగులు వెనకగా నడుస్తూ వెళ్ళాను. లాబ్‌లో ఎవరూ లేరు. తలుపు తీసే ఉంచమన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా కుర్చీ ఒకటి అడ్డం పెట్టి తలుపు తీసి ఉంచాడు. మా బల్ల దగ్గర మా మా చోట్లలో కూర్చున్నాం. ఆ నాళం ఎరుపని మీరు ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగాడు. నేను బల్ల మీదున్న ప్లాస్టర్ గుండెను చూపించాను. ఆయన మొహం మారిపోయింది. నేనూ ఇక్కడే అన్నాడు మెల్లగా.

నేను లేచి పక్క బల్ల మీది గుండెను రెండు చేతులతో ఎత్తి తెచ్చి మాదాని పక్కన పెట్టాను. దాంట్లో ఊపిరితిత్తులకి పోయే గొట్టం నీలం. మాదాంట్లో ఎరుపు. ఇంకో బల్లది తెచ్చాం, అదీ నీలమే. గది మొత్తంలో మా గుండె ఒక్కటే తప్పు. దగ్గరగా చూస్తే దాని మీద రంగు కొత్తది, కుంచె వెంట్రుక ఒకటి అందులోనే అంటుకుని ఎండిపోయి ఉంది. పోలీసాయన గట్టిగా ఊపిరి వదిలి అక్కడే కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ భయపడింది నేనొక్కదాన్నే కాదని అర్థమైంది.

రెండు గుండెల్నీ చెరొకటి పట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్ళాం. ఆయన వాటిని చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ వాటిని చూసి తల పట్టుకున్నాడు. వేసవిలో పాత రంగు పెచ్చులూడుతోందని ఆ ఒక్కదానికి తనే, రేడియోలో బేస్‌బాల్ వింటూ రంగు వేశాడట. గుండె నుంచి బయటికి పోయేవన్నీ ఎరుపే కదా అని ఆలోచించకుండా పూసేశాడట.

తర్వాతి క్లాసులో ఆయన చేసిన పని నేనెన్నడూ మరిచిపోలేదు. తప్పు గుండెను బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టి, ఈ రంగు వేసింది నేను, తప్పు నాది, వీళ్ళిద్దరినీ అనుమానించినందుకు క్షమాపణ చెబుతున్నాను అన్నాడు. మాకు ఆ ప్రశ్నకి మార్కులు కలుస్తాయని సంబరపడ్డాను. కలపలేదు. "నేను రంగు తప్పు వేసినంత మాత్రాన రక్తం దారి మార్చుకోదు. మీరు నమూనాని నమ్మారు, నేను చెప్పిన పాఠంతో పోల్చి చూసుకోలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పక్కన పోలీసాయన మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వాగలేదు.

ఆ తర్వాత ఆయన కాగితాలు బోర్లా తిప్పడం మానేశాడు, నేను చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేశాను. మా బల్ల దగ్గరే ఎందుకు కూర్చున్నారని చివరి రోజు కార్ల దగ్గర అడిగేశాను. ఆ చోటు నుంచి తలుపూ కిటికీ రెండూ కనిపిస్తాయట, పోలీసులు ఎక్కడికి వెళ్ళినా అలాంటి చోటే వెతుక్కుంటారట. అంతే! ఆయనకి ప్రమోషన్ వచ్చిందని పేపర్లో చూసి మావారు చెప్పారు. ఎనభైల మధ్యలో మేం ఆ ఊరు వదిలేశాం. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

ఇప్పుడు అదే రాష్ట్రంలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి రావడం నా అలవాటు. కిందటి నెల మా అమ్మాయి ఫోన్ తెచ్చి, అమ్మా నువ్వు ఫేమస్ అయిపోయావే అని నవ్వుతూ చూపించింది. ఎవరో ఇంటి తలుపుకున్న కెమెరా తీసిన వీడియోలో, షాలు కప్పుకుని వాళ్ళ పూలమొక్కల దగ్గర వంగి చూస్తున్నది నేనే. ఈ ముసలావిడ ఎవరు, రోజూ ఇక్కడ ఎందుకు ఆగుతోంది, ఎవరికైనా తెలుసా అని కాలనీవాళ్ళ గ్రూపులో పెట్టారట. కింద చాలామంది ఏవేవో రాశారు. ఆవిడ మా అమ్మ అని మా అమ్మాయి జవాబిచ్చాక అందరూ నవ్వు మొహాల బొమ్మలు పెట్టి ఊరుకున్నారట.

అనుమానించినందుకు నాకు కోపం లేదు. కొత్త మనిషిని చూసి అనుమానించడం ఎవరికైనా సహజమే, నేను చేయలేదా? కాకపోతే ఆ రోజుల్లో అనుమానం మెట్ల మీద ఎదురుచూసేది. మొహంలోకి చూసి సూటిగా అడిగేది, జవాబు విన్నాక నవ్వేసి వెళ్ళిపోయేది. ఇప్పుడు రోజూ ఆ ఇంటి ముందుకి వచ్చేసరికి నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. పసుపుపచ్చ చామంతులు విరగబూసి ఉంటాయి. ఆ తలుపు తెరుచుకుని ఎవరైనా బయటికి వచ్చి, ఎవరు మీరు, ఎందుకాగారు అని అడిగితే బాగుండునని, కాసేపు అక్కడే నిలబడతాను.